వ్యూఫైండర్ నుంచి కన్ను తీయడం అలవాటయ్యాక

మీరు అడిగింది ఇది: "వచ్చే ఫిబ్రవరిలో ఐస్‌లాండ్ వెళ్తున్నాను. కెమెరా పట్టుకుని దేశం దాటడం ఇదే మొదటిసారి. మీరు చాలా ఏళ్ళుగా విదేశాల్లో ఫోటోలు తీస్తున్నారు కదా, అక్కడ మీకు ఎదురైన సాహసాలు, మనసులో ఉండిపోయిన సంగతులు చెప్తారా? ఏ లెన్సులు తీసుకెళ్తే మంచిది?"

లెన్సుల సంగతి చివర్లో చెప్తాను, అది చిన్న విషయం. పెద్ద విషయం వేరే ఉంది. పదహారేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నాకు జరిగిన ప్రమాదాలు, ఇప్పటికీ గుర్తొస్తే బాధపెట్టే తప్పులు లెక్క వేసుకుంటే దాదాపు అన్నిటికీ కారణం ఒక్కటే: కన్ను వ్యూఫైండర్‌కి, అంటే కెమెరాలో చూసే ఆ చిన్న కిటికీకి, అతుక్కుపోవడం. ఆ చిన్న చట్రంలో ఉన్నది తప్ప ఇంకేమీ కనపడదు. పక్క నుంచి అల వస్తున్నా తెలియదు, వెనకాల మనిషి నిలబడి ఉన్నా తెలియదు. మీరు వెళ్తున్నది ఐస్‌లాండ్ కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

దక్షిణ తీరంలో వీక్ అనే ఊరి దగ్గర రేనిస్‌ఫ్యారా బీచ్ ఉంది. ఫోటోల్లో చూసే ఉంటారు. బొగ్గులా నల్లటి ఇసుక, ఎవరో చెక్కి పేర్చినట్టుండే బసాల్ట్ రాతి స్తంభాలు, సముద్రంలోంచి పైకి లేచిన మొనదేలిన శిలలు. 2017 మార్చిలో ఒక ఉదయం అక్కడికి వెళ్ళాను. వెనక్కి పోయే నీరు నల్లటి ఇసుక మీద తెల్లటి గీతలు గీస్తుంది. నాకు ఆ గీతలు కావాలి. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, వైడ్ లెన్స్‌తో తీస్తున్నాను. పావుగంట సేపు అలలు నాకు ఇరవై అడుగుల దూరంలోనే ఆగిపోతున్నాయి. ఇంకొంచెం దగ్గరగా ఉంటే బాగుంటుందని పది అడుగులు ముందుకు జరిగాను. రెండు ఫోటోలు తీశాక ఇంకొంచెం జరిగాను.

ఎవరో ఒకావిడ గట్టిగా అరిచింది. ఏ భాషో తెలియదు కానీ ఆ గొంతులో భయం తెలిసింది. తలెత్తేసరికి నీళ్ళు చేతికందేంత దూరంలో ఉన్నాయి. సినిమాల్లోలాగా పెద్ద అలేం కాదు, మోకాలి ఎత్తు తెల్లటి నురగ, అంతే. అది తగలగానే కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. అక్కడి ఇసుక సన్నటి గులకరాళ్ళలా ఉంటుంది, కాలు పట్టు దొరకదు. పడిపోయాను. నీళ్ళు వెనక్కి పోతూ నన్ను కూడా సముద్రం వైపు ఈడ్చుకెళ్ళాయి. ఆ క్షణంలో నా చేతులు రెండూ నేలను కాదు, ట్రైపాడ్‌ను పట్టుకుని ఉన్నాయి. ఆ సంగతి ఇప్పటికీ నన్ను భయపెడుతుంది. ఇద్దరు యువకులు పరుగెత్తుకొచ్చి జాకెట్ టోపీ పట్టుకుని లాగకపోయుంటే ఈ సమాధానం రాసేవాణ్ణి కాదు. కారులో హీటర్ వేసుకుని రెండు గంటలు కూర్చున్నా వణుకు తగ్గలేదు.

ఎందుకలా జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. ఆ తీరానికి దక్షిణంగా అట్లాంటిక్ మహాసముద్రం అడ్డూ ఆపూ లేకుండా వేల కిలోమీటర్లు పరుచుకుని ఉంది. ఎక్కడో దూరంగా పుట్టిన తుపాను అలలు బలం తగ్గకుండా అక్కడిదాకా వస్తాయి. తీరం దగ్గర సముద్రపు నేల ఒక్కసారిగా లోతవుతుంది కాబట్టి అలను ముందే నెమ్మది చేసే మెట్ట ఉండదు. పది చిన్న అలలు వచ్చాక రెండు మూడు అలలు కలిసిపోయి ఒక్కటిగా వస్తే, అంతవరకు పొడిగా ఉన్న ఇసుక మొత్తం మునిగిపోతుంది. వీటిని స్నీకర్ వేవ్స్ అంటారు. అక్కడ చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే 2022లో బీచ్ దగ్గర హెచ్చరిక లైట్లు, బోర్డులు పెట్టారు. నేను వెళ్ళినప్పుడు ఆ లైట్లు లేవు, కానీ ప్రమాదం గురించి రాసిన బోర్డు ఉంది. చదివాను కూడా. చదివి, పావుగంట తర్వాత మర్చిపోయాను. చదవకపోవడం కాదు, మర్చిపోవడమే అసలు ప్రమాదం.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి ఐదారు ఫోటోలకు ఒకసారి కెమెరా కిందికి దించి, తల పూర్తిగా రెండు వైపులా తిప్పి, వెనక్కి కూడా చూస్తాను. నీటి దగ్గర అసలు కూర్చోను, నిలబడే తీస్తాను. గీతలు కొంచెం తక్కువ అందంగా వస్తాయి. పర్వాలేదు.

ఐస్‌లాండ్ గురించి ఇంకొన్ని చెప్పాలి, ఎందుకంటే మీరు వెళ్ళేది చలికాలంలో. దేశం చుట్టూ తిరిగే రింగ్ రోడ్ 1,300 కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఫిబ్రవరిలో వారం రోజుల్లో అదంతా తిరగాలని అనుకోవద్దు. నెల మొదట్లో పగటి వెలుతురు ఏడెనిమిది గంటలు ఉంటే గొప్ప. తుపాను వస్తే రోడ్లు మూసేస్తారు. దక్షిణ తీరం ఒక్కటే తీసుకుని, ఒక్కో చోట రెండు రాత్రులు ఉండండి. కారు ఆపాక తలుపు తీసేటప్పుడు రెండు చేతులతో పట్టుకుని తీయండి. అక్కడి గాలికి తలుపు ఒక్క ఊపున వెనక్కి విరిగిపోతుంది, అద్దె కారు ఇన్సూరెన్స్ చాలాసార్లు ఆ నష్టాన్ని కట్టదు.

అరోరా, అంటే రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగు కోసం అందరూ కేపీ ఇండెక్స్, అంటే దాని బలాన్ని అంచనా వేసే అంకె, చూసుకుంటూ కూర్చుంటారు. నేనైతే ముందు అక్కడి వాతావరణ శాఖ ఇచ్చే మబ్బుల మ్యాప్ చూస్తాను. కేపీ తక్కువున్నా ఆకాశం తేటగా ఉంటే ఏదో ఒకటి దొరుకుతుంది, మబ్బు కమ్మితే ఎంత పెద్ద అరోరా వచ్చినా దండగే. కెమెరా సెట్టింగులు ఇవి: ఎఫ్2.8, ఐఎస్ఓ 1600 నుంచి 3200, షట్టర్ నాలుగు నుంచి పది సెకన్లు. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెద్దది చేసి చూసి సరిచేసుకోండి. సన్నగా ఉన్న అరోరా కంటికి పాలిపోయిన బూడిద రంగు మబ్బులా కనిపిస్తుంది, ఆకుపచ్చ కెమెరాకే ముందు తెలుస్తుంది. కాబట్టి అనుమానం వస్తే ఒక ఫోటో తీసి చూడండి. ఆ ఆకుపచ్చ రంగు భూమికి వంద కిలోమీటర్ల పైన ఉన్న ఆక్సిజన్ నుంచి వస్తుంది. బలమైన అరోరా వచ్చి ఆకాశం మొత్తం కదలడం మొదలైతే మాత్రం, దయచేసి, ఐదు నిమిషాలు కెమెరా వదిలేయండి. నేను మొదటిసారి వదల్లేదు. ఆ రాత్రి ఫోటోలు నా దగ్గర ఉన్నాయి, ఆ రాత్రి మాత్రం నాకు సరిగ్గా గుర్తులేదు.

చలిలో బ్యాటరీలు త్వరగా అయిపోతాయి. రెండు మూడు అదనంగా ఉంచుకుని, లోపలి జేబులో ఒంటికి తగిలేలా పెట్టుకోండి. గదిలోకి వెళ్ళే ముందు కెమెరాను బయటే గాలి చొరని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి బిగించండి, లేకపోతే చల్లటి కెమెరా మీద గదిలోని తేమ అంతా నీళ్ళుగా పడుతుంది. వాట్నాయోకుల్ హిమనదం కింద ఏర్పడే మంచు గుహలకు గైడ్‌తో తప్ప వెళ్ళవద్దు. 2024 ఆగస్టులో ఆ హిమనదం శాఖల్లో ఒకదాని దగ్గర మంచు కూలి ఒక పర్యాటకుడు చనిపోయాడు. అప్పుడు గైడ్లు కూడా ఉన్నారు, కానీ అది వేసవి. మంచు గట్టిగా ఉండే చలికాలంలోనే వెళ్ళాలనేది నా అభిప్రాయం. మీరు వెళ్ళే సమయం దానికి సరైనదే.

ఇప్పటిదాకా చెప్పింది ప్రాణం గురించి. మనుషుల గురించి నాకు బుద్ధి వచ్చింది ఇండోనేషియాలో.

జావా ద్వీపం తూర్పు చివర ఇజెన్ అనే అగ్నిపర్వతం ఉంది. దాని బిలంలో ఒక సరస్సు. పైనుంచి చూస్తే నెమలి మెడ రంగులో మెరుస్తుంది, కానీ అది నీళ్ళ కంటే యాసిడ్ అనడమే నిజం. ప్రపంచంలో ఇంత పెద్ద ఆమ్ల సరస్సు దాదాపు ఇంకెక్కడా లేదు. ఆ ఒడ్డున భూమి లోంచి గంధకపు ఆవిరి బుసలు కొడుతుంది. రాత్రి పూట ఆ ఆవిరి గాలి తగిలి మండుతూ నీలం రంగు మంటగా కనిపిస్తుంది. దానికోసమే ఫోటోగ్రాఫర్లు వెళ్తారు. పాల్తుడింగ్ అనే చోటు నుంచి అర్ధరాత్రి దాటాక నడక మొదలుపెట్టి, మూడు కిలోమీటర్లు ఎక్కి, అక్కడి నుంచి బిలం లోపలికి రాళ్ళ దారిలో దిగాలి.

అదే దారిలో గంధకం మోసే కార్మికులు ఎక్కుతుంటారు. ఆవిరిని గొట్టాల్లోకి మళ్ళిస్తే అది చల్లబడి ఎర్రటి ద్రవంగా కారి, కింద పసుపుపచ్చ రాయిగా గడ్డకడుతుంది. దాన్ని గునపాలతో పగలగొట్టి, రెండు బుట్టల్లో నింపి, కావడి భుజానికెత్తుకుని బయటికి మోస్తారు. ఒక్కో కావడి 70 కిలోల పైమాటే, 80, 90 కూడా ఉంటుంది.

ఆ రాత్రి నేను మంట కనిపించే చోటు చూసుకుని, దారి మలుపులో ట్రైపాడ్ వేశాను. ఒక్కో ఫోటోకు షట్టర్ ముప్పై సెకన్లు తెరిచి ఉంచాలి. నీలం మంట, పైన నక్షత్రాలు, మధ్యలో పొగ. వరసగా ఎనిమిదో తొమ్మిదో తీశాను. ఎంతసేపైందో తెలియదు. వెనకాల కిర్రు కిర్రుమని సన్నటి చప్పుడు వినిపిస్తోంది. బరువుకి కావడి బద్ద వంగినప్పుడు వచ్చే చప్పుడు అది. మొదట్నుంచీ వినిపిస్తూనే ఉంది, నేను పట్టించుకోలేదు. చివరికి తిరిగి చూస్తే నాకు నాలుగడుగుల వెనక ఒక పెద్దాయన కావడితో నిలబడి ఉన్నాడు. నా ట్రైపాడ్ దారి మొత్తం ఆక్రమించింది. ఆ వాలులో బరువు దించితే మళ్ళీ ఎత్తుకోవడం కష్టం, అందుకని దించకుండా భుజాలు మార్చుకుంటూ నేను ముగించేదాకా ఆగాడు. ఒక్క మాట అనలేదు.

నేను ట్రైపాడ్ లాగేసి, చేతులు జోడించాను. ఆయన తల ఊపి నా పక్క నుంచి ఎక్కిపోయాడు. ఆ ఫోటో తర్వాత ఒక పత్రికలో వచ్చింది, మంచి పేరు కూడా తెచ్చింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు నీలం మంట కంటే ముందు ఆ కిర్రు చప్పుడే గుర్తొస్తుంది.

అరగంట తర్వాత గాలి మళ్ళింది. గంధకపు పొగ గోడలా మీదికి వచ్చేసింది. మాస్కు ఉంది కానీ కళ్ళకు ఏమీ లేదు. కళ్ళు మంట, ఏమీ కనిపించట్లేదు, ఎటో పరుగెత్తాలనిపించింది. పక్కన ఎవరో నా మోచేయి పట్టుకుని కిందికి కూర్చోబెట్టి, నా ముఖాన్ని బండ వైపు తిప్పారు. రెండు మూడు నిమిషాలు అలాగే ఉన్నాం. పొగ పల్చబడ్డాక చూస్తే రెండో విడత బరువు కోసం దిగి వచ్చిన అదే పెద్దాయన. తడి గుడ్డ ఒకటి పళ్ళ మధ్య పెట్టుకుని ఉన్నాడు, మాస్కు కూడా లేదు. అక్కడ పరుగెత్తితే రాళ్ళ మీద పడతామని, కదలకుండా కూర్చోవాలని ఆయనకు తెలుసు.

తెల్లవారాక పైన ఆయన్ని మళ్ళీ కలిశాను. ఒక ఫోటో తీసుకోవచ్చా అని సైగ చేశాను. కావడి కింద వంగిన భుజం, దాని మీద ఏళ్ళ తరబడి బరువుకి కట్టిన కాయలాంటి గడ్డ, అవి నాకు కావాలి. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, ఆగమన్నాడు. కావడి దించాడు. టోపీ తీసి జుట్టు వేళ్ళతో సర్దుకున్నాడు. చొక్కా దులుపుకున్నాడు. అప్పుడు నిటారుగా నిలబడి, తీయమన్నట్టు తల ఊపాడు. బరువు దించాక తీయి, ఆయన చెప్పింది అంతే.

ఆ మాట నా పని మొత్తాన్ని మార్చింది. అప్పటిదాకా నేను మనుషుల్ని వాళ్ళ కష్టంలోనో, వింతగా కనిపించే వేషంలోనో తీసేవాణ్ణి. చూసేవాళ్ళకి అదే నచ్చుతుంది కూడా. కానీ ఆ మనిషి తనను తాను ఎలా చూపించుకోవాలనుకుంటున్నాడు అని నేను ఎప్పుడూ అడగలేదు. ఇక్కడ ఒక సంగతి గుర్తు చేస్తాను. స్టీవ్ మెకర్రీ 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ళ అఫ్గాన్ బాలిక ఫోటో మీకు తెలిసే ఉంటుంది. 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వచ్చింది, ప్రపంచమంతా చూసింది. ఆమె పేరు షర్బత్ గులా అని ప్రపంచానికి తెలిసింది 2002లో, ఆయన బృందం వెతుక్కుంటూ వెళ్ళి కలిశాక. పేరు తెలియడానికి పదిహేడేళ్ళు పట్టింది. నేను ఇప్పుడు పేరు అడగకుండా ఎవరి ముఖం దగ్గర నుంచి తీయను. ఆ పేరు ఎక్కడా రాయకపోయినా, నా నోట్‌బుక్‌లో ఉంటుంది.

దీని తర్వాత మంగోలియా పశ్చిమాన బయాన్ ఉల్గీ ప్రాంతానికి వెళ్ళాను. అక్కడి కజక్ జాతివాళ్ళు గరుడ పక్షులతో, అంటే గోల్డెన్ ఈగిల్స్‌తో వేటాడతారు. ఏటా అక్టోబరు మొదట్లో పెద్ద పండగ చేస్తారు. ఆ పండగకు ఫోటోగ్రాఫర్లు వందల్లో వస్తారు. నేను జనం లేని ఫిబ్రవరిలో వెళ్ళి, ఒక వేటగాడి ఇంట్లో తొమ్మిది రోజులు ఉన్నాను. మొదటి మూడు రోజులు కెమెరా బ్యాగులోంచి తీయలేదు. ఉప్పు వేసిన పాల టీ తాగాను, పశువుల మేత మోయడానికి సాయం చేశాను, పిల్లలతో ఆడాను. మూడో రోజు రాత్రి ఆ ఇంటి పెద్దాయనే, నువ్వు ఫోటోలు తీస్తావని చెప్పారు కదా, ఎప్పుడు తీస్తావు అని అడిగాడు.

వేటకు ఆడ పక్షుల్నే పెంచుతారు, అవి మగవాటికంటే పెద్దవి, ఐదారు కిలోలు తూగుతాయి. గుర్రం మీద చేతి మీద అంత బరువు మోయడానికి జీనుకు బల్దక్ అనే కర్ర ఆనుడు ఉంటుంది. పక్షి తల మీద తోలు టోపీ వేసి ఉంచుతారు, దాన్ని తీసిన క్షణం ఆ కళ్ళు చూడాలి. కొన్నేళ్ళు వేటాడించాక పక్షిని కొండల్లో వదిలేస్తారట. వదిలిన రోజు గురించి చెప్తూ పెద్దాయన మాట్లాడలేక ఆగిపోయాడు. నేను ఆ ముఖం తీయలేదు. కెమెరా ఒళ్ళోనే ఉంది, తీయాలనిపించింది కూడా. తీయకపోవడం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

మైనస్ ఇరవై దాటిన చలి అది. ఊపిరి వ్యూఫైండర్ మీద గడ్డకట్టేది. లోహపు ట్రైపాడ్‌ను ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుంటుంది, కాళ్ళకు ఫోమ్ చుట్టుకుని వెళ్ళండి. పక్షి దిగుతున్నప్పుడు 1/2000 సెకను కంటే నెమ్మదైన షట్టర్ పెడితే రెక్కల కొసలు చెదిరిపోతాయి. మంచు తెల్లగా రావాలంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు, పెంచాలి, లేకపోతే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ దాన్ని బూడిద రంగు చేసేస్తుంది. ఈ ఒక్క చిట్కా మీకు ఐస్‌లాండ్‌లో రోజూ పనికొస్తుంది.

మంచు లాంటి ఇంకో తెల్లదనం బొలీవియాలో ఉంది. ఉయుని ఉప్పు మైదానం, 10,000 చదరపు కిలోమీటర్ల పైన, సముద్ర మట్టానికి 3,656 మీటర్ల ఎత్తులో. అక్కడికి వెళ్ళే చాలామంది లా పాజ్ దగ్గర ఎల్ ఆల్టో విమానాశ్రయంలో దిగుతారు, అది 4,000 మీటర్లు దాటిన ఎత్తు. విమానం దిగిన రోజే ఫోటోలకు పరుగెత్తవద్దు. నేను పరుగెత్తి, ఆ సాయంత్రానికే తల పగిలిపోయే నొప్పి, వాంతులతో రెండు రోజులు మంచం మీదే ఉన్నాను. ఎత్తు వల్ల వచ్చే జబ్బు తగ్గకుండానే ఇంకా పైకి వెళ్ళడం చాలా ప్రమాదం, ముదిరితే కిందికి దిగడమే మందు.

వానాకాలంలో, జనవరి నుంచి మార్చి మధ్య, ఆ ఉప్పు మీద పల్చటి నీటి పొర నిలుస్తుంది. గాలి లేకపోతే ఆకాశం మొత్తం కింద కనపడుతుంది. అడుగు ఎక్కడ వేస్తున్నామో, దిక్కు ఎటో తెలియదు. ఒక సాయంత్రం మా డ్రైవర్ తునుపా కొండను గుర్తుగా పెట్టుకుని నడుపుతున్నాడు. హఠాత్తుగా వాన కమ్మి కొండ కనపడకుండా పోయింది. ఆయన బండి ఆపేశాడు. ఇంకో ఐదు కిలోమీటర్లు వెళ్తే నాకు కావలసిన చోటు వస్తుంది, జీపీఎస్ ఉంది కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఉప్పు పొర కింద కొన్ని చోట్ల నీటి గుంటలుంటాయి, పొర పల్చబడితే బండి దిగబడిపోతుంది, ఆ చీకట్లో ఏది గుంటో ఏది గట్టి నేలో చెప్పలేమన్నాడు. తెల్లవారేదాకా బండిలోనే ఉన్నాం. ఆ రాత్రి ఒక్క ఫోటో కూడా లేదు. వాన చప్పుడు, అది ఆగాక అసలు ఏ చప్పుడూ లేకపోవడం, రెండూ ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. స్థానికుడు వద్దన్నప్పుడు వాదించడం ఆ రోజుతో మానేశాను. అక్కడి నుంచి వచ్చాక ట్రైపాడ్, బూట్లు మంచినీళ్ళతో కడగండి, ఉప్పు స్క్రూలను తినేస్తుంది.

జపాన్ గురించి ఎక్కువ చెప్పను, ఒక్క మాట. క్యోటోలో గియోన్ అనే పేటలో గైకోలు (అక్కడ గీషాలను అలా అంటారు), మైకోలు (గైకోలుగా శిక్షణ పొందే అమ్మాయిలు) పనికి వెళ్తుంటే పర్యాటకులు వెంటపడి, దారికి అడ్డం నిలబడి, కిమోనో పట్టుకుని లాగి మరీ ఫోటోలు తీశారు. భరించలేక 2019లో అక్కడివాళ్ళు సొంత సందుల్లో ఫోటోలు తీస్తే 10,000 యెన్‌లు జరిమానా అని బోర్డులు పెట్టారు. 2024లో ఆ సందుల్లోకి పర్యాటకులు అసలు రాకూడదని నిషేధించారు. అదే ఏడాది ఫుజి పర్వతం దగ్గర ఫుజికవాగుచికోలో ఒక దుకాణం వెనక కొండ అందంగా కనపడే చోట జనం రోడ్డుకు అడ్డంగా నిలబడుతున్నారని పెద్ద నల్ల తెర కట్టాల్సి వచ్చింది. ఆ తెర చూసినప్పుడు నాకు ఇజెన్ దారిలో నా ట్రైపాడ్ గుర్తొచ్చింది. వాళ్ళంతా చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళ కన్ను కూడా చట్రంలోనే ఉండిపోయింది.

డ్రోన్ తీసుకెళ్తుంటే ముందు ఆ దేశం రూల్స్ చదవండి. మొరాకో లాంటి దేశాల్లో ముందస్తు అనుమతి లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. ఐస్‌లాండ్‌లో కూడా జాతీయ పార్కుల్లో అనుమతి కావాలి, వాట్నాయోకుల్ చుట్టూ ఉన్న ప్రాంతం చాలావరకు జాతీయ పార్కే. ఐస్‌లాండ్ వెళ్ళడానికి తీసుకునే షెంగెన్ వీసాకు 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ఇన్సూరెన్స్ ఎలాగూ తప్పనిసరి, కానీ అందులో కెమెరాకు కవరేజీ ఉందో లేదో విడిగా చూసుకోండి.

ఫోటోలను ప్రతి రాత్రి రెండు చోట్ల కాపీ చేసి, ఆ రెండూ వేర్వేరు బ్యాగుల్లో పెట్టండి. ఒకసారి విమానం ఎక్కుతుండగా పైన చోటు లేదని నా చేతి బ్యాగును గేటు దగ్గరే తీసుకుని సామానులో వేశారు. అది దారి తప్పి తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది, అందులో ఒక లెన్స్, హార్డ్ డిస్క్ లేవు. రెండో కాపీ నా జాకెట్ జేబులో ఉండబట్టి మూడు వారాల పని మిగిలింది. అలా బ్యాగు తీసుకుంటుంటే అదనపు లిథియం బ్యాటరీలు బయటికి తీసుకోవడం మర్చిపోవద్దు, అవి కింది సామానులో వెళ్ళకూడదనేది నియమం.

ఇక లెన్సులు. ఎఫ్2.8 లేదా అంతకంటే వెలుతురు ఎక్కువ తీసుకునే వైడ్ ఒకటి, 20 ఎంఎం చుట్టుపక్కల, అది అరోరాకు. మామూలు 24-70 ఎంఎం జూమ్ ఒకటి. ఈ రెండూ చాలు. మూడోది కొనే డబ్బుంటే దానితో ఇంకో రెండు రాత్రులు అక్కడ ఉండండి. బరువైన, కొయ్యలా నిలబడే ట్రైపాడ్ మాత్రం తప్పదు, అక్కడి గాలికి తేలికవి ఎగిరిపోతాయి.

ఇంకొకటి చెప్పాలి, బ్యాగులో పట్టే చిన్న ప్రింటర్. మంగోలియాలో వచ్చే ముందు రోజు పెద్దాయన భార్యకు ఒక ఫోటో ప్రింట్ తీసి ఇచ్చాను. అందులో పక్షి లేదు, గుర్రం లేదు. ఆవిడ, ఇద్దరు మనవళ్ళు, వెనక వాళ్ళ పొయ్యి. ఆవిడ అడిగిన ఫోటో అది. చేతులు తుడుచుకుని, దాన్ని రెండు చేతులతో తీసుకుని, గోడ మీద ఎక్కడ పెట్టాలా అని చాలాసేపు వెతికింది. ఇజెన్ పెద్దాయనకు మాత్రం అప్పుడు నా దగ్గర ప్రింటర్ లేక ఏమీ ఇవ్వలేకపోయాను. రెండేళ్ళ తర్వాత ప్రింట్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన పని మానేశాడని చెప్పారు. తోటి కార్మికుడొకాయన ఆ ఫోటో చూసి గుర్తుపట్టి, నవ్వి, ఇంటికి చేరుస్తానని చొక్కా లోపల దాచుకున్నాడు.

రేనిస్‌ఫ్యారాకు వెళ్ళినప్పుడు కెమెరా బ్యాగులోనే ఉంచి ముందు హెచ్చరిక బోర్డు దగ్గర పది నిమిషాలు నిలబడండి. అలలు ఎంతవరకు వస్తున్నాయో, తడి ఇసుక ఎక్కడిదాకా ఉందో చూడండి. ఎర్ర లైటు వెలుగుతుంటే కిందికి దిగవద్దు. పసుపు లైటు ఉన్నా సముద్రానికి వీపు తిప్పవద్దు. పక్కన ఎవరైనా వంగి ఫోటో తీస్తూ కనపడితే ఆ మనిషి తరఫున కూడా అలను మీరు చూస్తూ ఉండండి, అవసరమైతే అరవండి. వాళ్ళకు మీ భాష రాకపోయినా పర్వాలేదు.